కొల్లూరు రాయి, కార్న్‌వాల్ భవంతి

ఇంగ్లండ్ నైరుతి కొసన, కార్న్‌వాల్‌లో, లాస్ట్‌విథియల్ అనే చిన్న పట్నానికి తూర్పున బొకొన్నాక్ అనే ఎస్టేటు ఉంది. ఓక్ చెట్లు కమ్మిన లోయలు, దుప్పులు తిరిగే వనం, చెరువు, భవంతి పక్కనే పాత చర్చి, కాస్త ఎడంగా 123 అడుగుల రాతి స్తంభం. ఇలాంటి చోటి చరిత్ర చెప్పడానికి ఆ దేశంలో ఒక పద్ధతి స్థిరపడిపోయింది. 1086లో విలియం రాజు చేయించిన భూముల లెక్కలో ఈ ఊరి పేరు ఉందని మొదలుపెడతారు. మధ్యయుగంలో దాన్ని ఏలిన కుటుంబాలు, 1579లో కొన్న మోహున్‌లు, 1643 జనవరిలో పక్కనున్న బ్రాడక్ డౌన్ మైదానంలో రాజు సేనలకూ పార్లమెంటు సేనలకూ జరిగిన యుద్ధం, మరుసటేడు ఒకటో చార్లెస్ ఇక్కడ విడిది చేయడం, 1712లో చివరి మోహున్ ప్రభువు లండన్ హైడ్ పార్కులో హామిల్టన్ డ్యూక్‌తో కత్తియుద్ధానికి దిగి ఇద్దరూ ప్రాణాలు పోగొట్టుకోవడం, ఇవన్నీ వరసగా వస్తాయి. ఆ తర్వాత ఒకే ఒక్క వాక్యం: 1717లో మోహున్ భార్య ఈ ఎస్టేటును మద్రాసు మాజీ గవర్నరు థామస్ పిట్‌కు 54,000 పౌండ్లకు అమ్మింది. అది చెప్పేసి కథ మళ్లీ కట్టడాల మీదికీ తోటల మీదికీ మళ్లుతుంది. ఈ భవంతి చరిత్రకు ఇరుసు ఆ ఒక్క వాక్యమేనని నా వాదన. ఇంగ్లిష్ కంట్రీ హౌస్ చేసిన పనుల్లో అన్నిటికన్నా పెద్దది, ఎక్కడి నుంచో వచ్చిన సొమ్ముకు ఆ పుట్టుక మరిపించి పాత వంశపు గౌరవం తొడగడం. వేరే భవంతుల్లో దీన్ని రుజువు చేయడం కష్టం, ఎందుకంటే డబ్బుకు ఆనవాలు ఉండదు. బొకొన్నాక్ విషయంలో మాత్రం ఆ సొమ్ముకు ఒక రూపం, ఒక బరువు, ఒక పుట్టిన ఊరు ఉన్నాయి. ఆ ఊరు కృష్ణ ఒడ్డున, నేటి పల్నాడు జిల్లాలోని కొల్లూరు.

కొల్లూరు గని గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ రాసిపెట్టిందే. పదిహేడో శతాబ్ది నడిమికాలంలో గోల్కొండ రాజ్యంలో తిరిగిన ఆయన, ఆ గనిలో ఆడా మగా పిల్లలూ కలిసి అరవై వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వేవాళ్లు, ఆడవాళ్లూ పిల్లలూ మన్ను మోసేవాళ్లు. ఆ మన్నును నీళ్లు పట్టి కడిగి, ఎండబెట్టి, చెరిగి రాళ్లు ఏరేవాళ్లు. రావోల్కొండ అని ఆయన పిలిచిన మరో గని గురించి రాస్తూ, పనిలో ఆరితేరిన కూలీకి కూడా ఏడాదికి మూడు వరహాలకు మించి ముట్టదని చెప్పాడు. పెద్ద రాయి దొరికితే యజమాని తలపాగా గుడ్డో, కొద్ది డబ్బో బహుమానంగా ఇచ్చేవాడు. ఓ పేదవాడు చిన్న వజ్రాన్ని కంటి కొసన దాచుకుని పట్టుబడిన సంగతి కూడా అందులో ఉంది. ఈ వివరాలను పక్కన పెట్టి బొకొన్నాక్ కథ చెప్పడం కుదరదు. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతిలో పడిపోయాక గనుల మీద పెత్తనం మొగలుల చేతికి పోయింది, తవ్వేవాళ్ల బతుకు మారిందనడానికి మాత్రం ఆధారం లేదు. పద్దెనిమిదో శతాబ్ది తొలి రోజుల్లో ఆ గనిలోంచే సుమారు 410 క్యారెట్ల రాయి ఒకటి బయటికొచ్చింది.

దాన్ని కొన్న థామస్ పిట్ పుట్టుకతో భూస్వామి కాడు. డోర్సెట్‌లో ఒక చర్చి ఫాదరీ కొడుకు. 1670లలో బంగాళాఖాతం తీరానికి వచ్చి, ఈస్టిండియా కంపెనీకి ఉన్న గుత్తాధిపత్యాన్ని లెక్కచేయకుండా సొంత వ్యాపారం నడిపాడు. కంపెనీ అతణ్ని చాలాకాలం వెంటాడింది, కోర్టులో జరిమానా కూడా వేయించింది. చివరికి, బయట ఉంచి పోరాడటం కన్నా లోపలికి తెచ్చుకోవడమే మేలని తలచిందేమో, 1698లో చెన్నపట్నం సెయింట్ జార్జి కోటకు గవర్నరుగా పంపింది. పదకొండేళ్లు ఆ పదవిలో ఉన్నాడు. 1702లో కర్ణాటక నవాబు దావూద్ ఖాన్ పట్నాన్ని చుట్టుముట్టినప్పుడు లొంగలేదు. 1708లో అదే నవాబు దగ్గర నుంగంబాక్కం, వ్యాసర్పాడి, తిరువొత్తియూరు సహా ఐదు ఊళ్లు సంపాదించాడు. గవర్నరుకు కంపెనీ ఇచ్చే జీతం ఏడాదికి వందల పౌండ్లలో మాత్రమే. అసలు రాబడి సొంత వ్యాపారంలో ఉండేది, దాన్ని స్వదేశానికి చేర్చడానికి వాళ్లకు దొరికిన అనువైన సాధనం వజ్రం. చిన్నది, దాచడం తేలిక, లండన్‌లో ఎప్పుడూ గిరాకీ. కంపెనీ కూడా వజ్రాల వ్యాపారాన్ని తన ఉద్యోగులకు వదిలేసింది. అంచేత చెన్నపట్నంలో తెల్లదొరలు కూడబెట్టిన సొమ్ములో ఎంతోకొంత కృష్ణా తీరపు రాళ్ల రూపంలోనే సముద్రం దాటింది. పిట్ ఆ దారిలో నడిచిన పలువురిలో ఒకడు. తేడా అల్లా, అతని చేతికి చిక్కిన రాయి అంతకుముందు ఏ ఆంగ్లేయుడూ చూడనంత పెద్దది.

ఆ బేరం ఎలా జరిగిందో పిట్ స్వయంగా రాసిపెట్టాడు. జామ్‌చంద్ అనే పేరున్న వజ్రాల వర్తకుడు 1701లో రాయి తీసుకుని చెన్నపట్నం వచ్చాడు. రెండు లక్షల వరహాలు అడిగాడు. పిట్ ముప్ఫైవేల దగ్గర మొదలుపెట్టాడు. వెళ్లిపోవడం, మళ్లీ రావడం, వెంకట చెట్టి అనే మరో వర్తకుణ్ని వెంటబెట్టుకుని రావడం, ఇలా చాలా రోజులు సాగి 48,000 వరహాల దగ్గర తెగింది. ఆనాటి మారకంలో 20,400 పౌండ్లు. 1702లో పెద్దకొడుకు రాబర్ట్ చేత దాన్ని లండన్ పంపాడు. అప్పటి నుంచి దేశం తిరిగి వెళ్లేదాకా పిట్ ఉత్తరాల నిండా ఆ రాయి గురించిన బెంగే. దాన్ని కోయించి సానపట్టించడానికి రెండేళ్లు, 5,000 పౌండ్లు పట్టాయి. మిగిలింది సుమారు 141 క్యారెట్లు. ఈలోగా ఊళ్లో మరో కథ పాకిపోయింది. గనిలో ఒక బానిస ఆ రాయిని తన కాలి గాయంలో దాచి తీరానికి తెచ్చాడని, ఓ ఆంగ్ల నావికుడు అతణ్ని చంపి రాయి లాక్కున్నాడని ఒక రూపం. గవర్నరే బలవంతాన గుంజుకున్నాడని ఇంకో రూపం. కవి అలెగ్జాండర్ పోప్ సైతం ఒక పద్యంలో, నిద్రలో ఉన్న భారతీయుడి దగ్గర దొంగిలించిన మణి ప్రస్తావన తెచ్చాడు. అది పిట్ మీద విసురేనని జనం అనుకున్నారు. ఈ పుకార్లు భరించలేకే పిట్ 1710లో నార్వేలోని బెర్గెన్‌లో ఆగినప్పుడు బేరమంతా పూసగుచ్చినట్టు రాసి సంతకం పెట్టాడు.

ఇక్కడే మొదటి అభ్యంతరం ఎదురవుతుంది. డబ్బిచ్చి కొన్న సరుకు కదా, ఇందులో అన్యాయం ఎక్కడుంది? నేను ఈ అభ్యంతరంలో సగాన్ని ఒప్పుకుంటాను. గాయంలో దాచిన రాయి కథకు రుజువు లేదు, దాన్ని పదేపదే చెప్పడం వల్ల అసలు సంగతి మరుగున పడుతుంది కూడా. జామ్‌చంద్ ఆషామాషీ వర్తకుడు కాడు, బేరం ఎరిగినవాడు. దొంగతనం జరిగిందని నేను అనడం లేదు. కానీ న్యాయమైన బేరం అన్న మాట ఇద్దరు వర్తకుల మధ్య జరిగినదాన్నే చూస్తుంది. రాయి అక్కడ పుట్టలేదు. టావెర్నియర్ చెప్పిన కూలి లెక్కన, జామ్‌చంద్‌కు ముట్టిన 48,000 వరహాలు ఒక మనిషి పదహారు వేల ఏళ్లు తవ్వితే వచ్చే కూలి. 1717లో పిట్ ఆ రాయిని ఫ్రాన్సు పాలకుడు ఓర్లియన్స్ డ్యూక్‌కు 1,35,000 పౌండ్లకు అమ్మాడు, కొన్న ధరకు ఆరున్నర రెట్లు. ప్రతి మెట్టు దగ్గరా విలువ పెరిగింది, ఆ పెరుగుదలలో తవ్వినవాడి వాటా మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. యూరప్‌లో దాని ధర ఎంత పలుకుతుందో తెలిసినవాడు, ఓడల మీద పట్టున్నవాడు, కోటకు గవర్నరు అయినవాడు బల్లకు ఒక పక్కన కూర్చుని ఉండగా, రెండో పక్కన ఉన్నవాడికి ఆ రాయిని ఇంకెవరికి అమ్మాలన్నది పెద్ద ప్రశ్నే. అన్యాయం ఒకే మనిషి దౌర్జన్యంలో వెతికితే దొరకదు, ఆ ఏర్పాటు మొత్తంలో ఉంది.

రాయి అమ్ముడైన 1717లోనే బొకొన్నాక్ పిట్ చేతికొచ్చింది. ఫ్రెంచి సొమ్ము ఒకేసారి రాలేదు, వాయిదాల్లో వచ్చింది, అంచేత ప్రతి పౌండునూ వజ్రానికి ముడిపెట్టి చూపడం సాధ్యం కాదు. పిట్‌కు అంతకుముందే వేరే సంపాదన కూడా ఉంది. ఈ మాట దాచకుండా చెప్పుకుని, ఆ తర్వాత లెక్క చూడాలి: ఎస్టేటుకు పెట్టిన 54,000 పౌండ్లు వజ్రం ధరలో సరిగ్గా అయిదింట రెండు వంతులు. మరి అరవై దాటిన వర్తకుడు అంత సొమ్మును, తాను ఎప్పుడూ ఉండని మారుమూల కార్న్‌వాల్‌లో ఎందుకు పోశాడు? ఇంగ్లండ్‌లో ఆనాడు భూమి అంటే పంట ఒక్కటే కాదు. 1711లో వచ్చిన చట్టం ప్రకారం, పట్టణ నియోజకవర్గం నుంచి పార్లమెంటుకు వెళ్లాలంటే ఏడాదికి 300 పౌండ్లు, కౌంటీ నుంచి వెళ్లాలంటే 600 పౌండ్లు భూమి మీద రాబడి ఉండి తీరాలి. ఓడల్లో ఎంత సొమ్మున్నా లెక్కలోకి రాదు. ఇక కార్న్‌వాల్ ఒక్కటే పార్లమెంటుకు 44 మంది సభ్యులను పంపేది. వాటిలో చాలా చోట్ల ఓటర్లు పదుల సంఖ్యలో ఉండేవాళ్లు, భూమి ఎవరిదైతే ఓటు వాళ్లదే. దీనికి పరాకాష్ఠ విల్ట్‌షైర్‌లోని ఓల్డ్ సేరమ్. ఊరే లేదు, ఒట్టి గుట్ట, అయినా ఇద్దరు సభ్యులు. దాన్ని పిట్ మద్రాసు గవర్నరు కాకముందే, కంపెనీని ధిక్కరించి సంపాదించిన సొమ్ముతో కొనుక్కున్నాడు. వజ్రం పిట్‌లకు పార్లమెంటు తలుపు తెరిచిందన్న ప్రచారం అందుకే పూర్తిగా నిజం కాదు. తలుపు ముందే తెరుచుకుంది, వజ్రం ఆ ఇంట్లో వాళ్లను స్థిరపరిచింది. పెద్దకొడుక్కే అంతా దక్కే వారసత్వం, ఎస్టేటు ముక్కలు కాకుండా కాపాడే ఒప్పందాలు, పేరుకు ముందో వెనకో చేరే ఊరి పేరు, ఇవన్నీ సీటు ఒక్కదానితో రావు. వాటికి భవంతి కావాలి.

ఆ స్థిరత్వం ఎంతదాకా పాకిందో చూడండి. పిట్ కూతురు లూసీ జేమ్స్ స్టాన్‌హోప్‌ను పెళ్లాడింది. వజ్రం అమ్ముడైన ఏడే ఆయన మంత్రివర్గానికి పెద్ద అయ్యాడు, అదే ఏడు కెంట్‌లో చెవెనింగ్ భవంతి కొన్నాడు. మన తెలుగు విద్యార్థులు ఏటా దరఖాస్తు చేసుకునే చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కు ఆ పేరు ఈ భవంతిదే. ఆ ఇంటి తొలి స్టాన్‌హోప్ ఇల్లాలు కొల్లూరు రాయి కొన్నవాడి కూతురని తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు? బొకొన్నాక్ రాబర్ట్‌కు, అతని తర్వాత అతని పెద్దకొడుకు థామస్‌కు వచ్చింది. చిన్నకొడుకు విలియంకు తండ్రి మిగిల్చింది ఏడాదికి వంద పౌండ్లే, కానీ 1735లో అన్న చలవతో ఓల్డ్ సేరమ్ సీటు దక్కింది. చరిత్రలో పెద్ద పిట్ అని పిలిచేది అతణ్నే. ఏడేళ్ల యుద్ధాన్ని నడిపించింది అతనే. ఆ యుద్ధంలో భాగంగానే 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో, 1759 ఏప్రిల్‌లో బందరులో ఫ్రెంచివాళ్లు ఓడి, ఉత్తర సర్కారులకు ఇంగ్లిష్ కంపెనీ దారి సుగమమైంది. ఇంతకంటే గమనించవలసింది ఇంకొకటి. 1770లో ప్రభువుల సభలో ఈ పెద్ద పిట్టే, ఆసియా నుంచి సంపద మోసుకొచ్చినవాళ్లు, ఈ నేలతో ఏ సంబంధమూ లేనివాళ్లు, డబ్బు కుమ్మరించి పార్లమెంటులోకి చొరబడుతున్నారని మండిపడ్డాడు. తాతగారు చేసింది అక్షరాలా అదే. పెద్ద పిట్ అబద్ధమాడాడని నేను అనుకోను. తాను పాత నేలకు చెందినవాణ్నని అతను మనసారా నమ్మాడు. రెండు తరాల్లో ఆ నమ్మకాన్ని కలిగించిందే బొకొన్నాక్, నా వాదనకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం నాకు కనబడలేదు.

భవంతికి నేటి రూపం తెచ్చింది తర్వాతి తరం. పెద్ద పిట్ అన్న కొడుకు, మరో థామస్ పిట్, కళాభిరుచి ఉన్నవాడు. హొరేస్ వాల్‌పోల్ తన స్ట్రాబెరీ హిల్ ఇంటికి నమూనాలు గీయించుకున్న స్నేహితుడు, యువ వాస్తుశిల్పి జాన్ సోన్‌కు ఆదరువు. బొకొన్నాక్‌లో పొడవాటి గ్యాలరీ ఉన్న కొత్త భాగం కట్టించాడు, 1771లో బంధువు రిచర్డ్ లిటిల్‌టన్ పేర ఆ రాతి స్తంభం నిలబెట్టాడు, 1780లలో సోన్ చేత పనులు చేయించాడు. విలియం కుక్‌వర్దీ అనే ప్లిమత్ మందుల వర్తకుడు చీనా పింగాణీకి కావలసిన తెల్లమట్టిని ఇతని కార్న్‌వాల్ భూముల్లో కనిపెడితే, ఇద్దరూ కలిసి ఇంగ్లండ్‌లో మొట్టమొదటి అసలు పింగాణీ తయారీకి పూనుకున్నారు. ఈ అభిరుచిని నేను తక్కువ చేయను. మంచి కట్టడం మంచి కట్టడమే. కానీ ఇంగ్లండ్‌లో రాసే భవంతుల పుస్తకాలు ఈ మెట్టు దగ్గర ఆగి చూపు నిలుపుతాయి, మనం 1784 దగ్గర ఆగాలి. ఆ ఏడు పెద్ద పిట్ కొడుకు, ఇరవై నాలుగేళ్లకే ప్రధాని అయిన చిన్న పిట్, రెండు పనులు చేశాడు. బొకొన్నాక్‌లో ఉన్న ఈ పెదతండ్రి కొడుక్కు కేమెల్‌ఫోర్డ్ ప్రభువు బిరుదిప్పించాడు. కంపెనీ పాలనను లండన్‌లోని కంట్రోల్ బోర్డు అదుపులోకి తెచ్చే ఇండియా చట్టం చేశాడు. నాలుగేళ్లకు, 1788లో, దాని జాగీరుదారు బసాలత్ జంగ్ అప్పటికే చనిపోగా, నిజాం దగ్గర మిగిలిన గుంటూరు సర్కారును కంపెనీ పుచ్చుకుంది. తాత ముత్తాతలు కృష్ణా తీరం నుంచి వచ్చిన ఒక రాయి కొన్నారు, మునిమనవడి ప్రభుత్వ కాలంలో ఆ తీరమే వాళ్ల దేశపు కంపెనీ జమాబందీలోకి ఎక్కింది. రాయి వల్ల ఇదంతా జరిగిందనడం అతిశయోక్తి అవుతుంది. నేను చెప్పేది, ఇంగ్లండ్‌లో ఆ నిర్ణయాలు తీసుకునే వర్గం ఎలా తయారైందన్నది.

రెండో అభ్యంతరం ఈ ఇంటి తర్వాతి చరిత్ర నుంచే వస్తుంది. రెండో కేమెల్‌ఫోర్డ్ ప్రభువు 1804లో తుపాకీ ద్వంద్వయుద్ధంలో చనిపోగా, బొకొన్నాక్ అతని అక్క ఆన్‌కు వచ్చింది. ఆమె భర్త విలియం గ్రెన్‌విల్ 1806లో ప్రధాని అయ్యాడు. 1807లో బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసల వ్యాపారాన్ని నిషేధించిన చట్టాన్ని ప్రభువుల సభలో ముందుండి నడిపించినవాడు ఈయనే. అలాంటి ఇంటిని కూలీల చెమట లెక్కలతో తూచడం సబబా అని అడగవచ్చు. గ్రెన్‌విల్ చేసిన పని గొప్పదే, దానికి రాజకీయంగా ధైర్యం కావాలి. అయితే అంతకుముందు 1790 నుంచి మూడేళ్లు ఇండియా కంట్రోల్ బోర్డుకు అధ్యక్షుడు కూడా ఆయనే. ఈ రెండూ ఒకే మనిషి జీవితంలో ఉన్నాయి, రెంటినీ చెప్పాలి. ఒక ఇంటి చరిత్రను మొత్తంగా చెప్పమని అడగడం దాన్ని బోనులో నిలబెట్టడం కాదు. మంచిని మాత్రం వివరంగా, డబ్బు సంగతి మాత్రం ఒక్క వాక్యంలో చెప్పే అలవాటు మీదే నా ఫిర్యాదు.

మూడోది, చరిత్రకారులు గట్టిగా వేసే ప్రశ్న: ప్రపంచంలో కెల్లా పెద్ద వజ్రాల్లో ఒకటి దొరికినవాడి కథను అన్ని భవంతులకూ ఎలా అంటగడతారు? పిట్ లాంటి అదృష్టం మరొకరికి పట్టలేదన్నది నిజం. కానీ ఈ పిట్టే బర్క్‌షైర్‌లో కొన్న మరో ఇంటిని చూస్తే సంగతి తేటపడుతుంది. అతను 1726లో కన్నుమూసింది బొకొన్నాక్‌లో కాదు, స్వాలోఫీల్డ్ పార్కులో. మనవడు దాన్ని అమ్ముకున్నాడు. చేతులు మారుతూ మారుతూ 1820లో అది రస్సెల్ కుటుంబానికి చేరింది. తండ్రి సర్ హెన్రీ రస్సెల్ కలకత్తాలో ప్రధాన న్యాయమూర్తిగా చేసినవాడు. అదే పేరున్న కొడుకు 1811 నుంచి 1820 వరకు హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెంటు. కోఠీ రెసిడెన్సీ భవనంలో కూర్చుని నిజాం ప్రభుత్వాన్ని శాసించినవాడు, నిజాం ఖర్చుతో రస్సెల్ బ్రిగేడు అనే సైన్యాన్ని నిలబెట్టినవాడు. విలియం పామర్ కంపెనీ నిజాం సర్కారుకు భారీ వడ్డీకి అప్పులు పోసి, రాజ్యాన్ని అప్పులఊబిలోకి దించింది ఈయన హయాంలోనే. ఆ గుట్టు బయటపెట్టింది ఈయన తర్వాత వచ్చిన చార్లెస్ మెట్కాఫ్. అంటే ఒకే ఇల్లు, నూరేళ్ల ఎడంతో, ఒకసారి గోల్కొండ వజ్రం కొన్నవాడి చేతికీ ఒకసారి హైదరాబాదు రెసిడెంటు కుటుంబం చేతికీ వచ్చింది. ఈ రెండు సార్లకూ వజ్రం దొరికిన అదృష్టమే కారణమని చెప్పలేం. ఇండియా నుంచి తిరిగొచ్చిన సంపన్నుడు మొట్టమొదట చేసే పని కంట్రీ హౌస్ కొనడమని ఇది చెబుతుంది. ఓల్డ్ సేరమ్ సైతం చివరికి పిట్‌ల నుంచి కాలెడన్ ఎర్ల్‌కు పోయింది, ఆయన తండ్రిది కూడా కంపెనీ కొలువులో సంపాదించిన ఆస్తే. బ్రిటన్‌లో చారిత్రక భవంతులను కాపాడే నేషనల్ ట్రస్టు 2020లో వెలువరించిన నివేదిక తన అధీనంలోని 93 చోట్లకు వలసపాలనతోనో బానిసత్వంతోనో సంబంధం ఉందని గుర్తించింది. దాని మీద అక్కడ పెద్ద రగడ జరిగింది. ట్రస్టు తన పరిధి దాటిందంటూ ఫిర్యాదులు వెళ్లాయి. విచారించిన చారిటీ కమిషన్ 2021లో ఏ తప్పూ జరగలేదని తేల్చింది.

మన వైపు నుంచి వచ్చే అభ్యంతరం ఇంకా సూటిగా ఉంటుంది. గోల్కొండ సుల్తానులు, మొగల్ అధికారులు, గనులు గుత్తకు తీసుకున్న వర్తకులు కూలీకి మూడు వరహాలే ఇచ్చారు కదా, ఇంగ్లిష్‌వాణ్ని మాత్రం ఎందుకు నిలదీయాలి? ఈ ప్రశ్నకు ఎదురు చెప్పను. కూలి తక్కువ చేసింది పిట్ కాదు, పెద్ద రాళ్లను తమకు అట్టేపెట్టుకున్న పాలకులు మనవాళ్లే. గోల్కొండ వైభవం చెప్పేటప్పుడు మనమూ ఆ అరవై వేల మందిని దాటేస్తున్నాం, బొకొన్నాక్ చరిత్ర పిట్‌ను ఒక వాక్యంలో దాటేసినట్టే. కొల్లూరు ఊరు ఈనాడు పులిచింతల జలాశయం కింద ఉంది, గనుల ఆనవాళ్లను చూపిద్దామన్నా ఏడాదిలో చాలాకాలం నీళ్లే కనిపిస్తాయి. అంతమాత్రాన రెండు వైపులా లెక్క సమానమైపోదు. గోల్కొండ రాజు ఖజానాకు చేరిన రాయి కరిగి ఇక్కడే చెరువుగానో, మసీదుగానో, సైన్యపు జీతంగానో ఖర్చయ్యే అవకాశం ఉంది. బొకొన్నాక్‌కు చేరిన విలువ మాత్రం తిరిగి రాలేదు, అక్కడి భూమిలో, అక్కడి సీట్లలో, అక్కడి చట్టాల్లో నాటుకుపోయింది. కార్న్‌వాల్ కౌలు రైతులకు గానీ తగరపు గనుల్లో దిగిన కూలీలకు గానీ అందులో పెద్దగా దక్కిందేమీ లేదు, వాళ్ల కష్టం మీద కూడా ఇలాంటి ఎస్టేట్లు నిలిచాయి. అందుకే ఇది ఇంగ్లండ్ మీద ఇండియా పెట్టిన కేసు కాదు.

గ్రెన్‌విల్ భార్య ఆన్ 1864 దాకా బతికింది. పిల్లలు లేకపోవడంతో ఎస్టేటు భర్త మేనల్లుడు జార్జ్ ఫోర్టెస్క్యూకు పోయింది, నేటికీ ఆ కుటుంబానిదే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైనికులు విడిది చేశారు. 1969 నుంచి భవంతిలో ఎవరూ ఉండక పైకప్పు కారి, గోడలు నాని, ఒక భాగాన్ని కూల్చేయాల్సి వచ్చింది. 2001 తర్వాత ఫోర్టెస్క్యూలు దాన్ని పూర్తిగా బాగుచేయించారు, 2012లో ఆ పునరుద్ధరణకు అవార్డు వచ్చింది. ఆ శ్రమకు గౌరవం దక్కాల్సిందే, ఇప్పటి యజమానులు పిట్ చేసినదానికి జవాబుదారులూ కారు. వాళ్లనీ, ఆ భవంతి గురించి రాసేవాళ్లనీ అడగగలిగింది ఒక్కటే, చరిత్రను 1086తో పాటు కొల్లూరు నుంచి కూడా మొదలుపెట్టమని. అందుకు సామగ్రి అంతా సిద్ధంగా ఉంది. పిట్ చెన్నపట్నం నుంచి కొడుకు రాబర్ట్‌కు రాసిన ఉత్తరాలు బొకొన్నాక్ వారసత్వంతో పాటే గ్రెన్‌విల్‌ల డ్రాప్‌మోర్ ఇంటికి చేరాయి. 1892లో చారిత్రక పత్రాల కమిషన్ వాటిని అచ్చువేసింది. సెయింట్ జార్జి కోట దినచర్య పుస్తకాలు కూడా మద్రాసు ప్రభుత్వం ముద్రించినవే. గనిలో మన్ను మోసిన ఆడవాళ్ల పేర్లు ఏ కాగితంలోనూ లేవు గానీ జామ్‌చంద్ పేరుంది, వెంకట చెట్టి పేరుంది. వాళ్లు ఎన్నిసార్లు వచ్చారో, ఎంత అడిగారో, ఎంతకు దిగారో అంతా ఆ భవంతి కొన్న మనిషే స్వయంగా రాసి, కింద సంతకం పెట్టాడు.